దుల్హన్ ఫోటో ఎవరి అమానత్?



షాదీల సీజన్ దగ్గర పడుతోందంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. "భాయ్, ఏలూరులో మంచి ఫోటోగ్రాఫర్ ఎవరున్నారు? పోనీ గూడెంలో ఎవరినైనా చెప్పండి" అని. మా ఖాందాన్‌లో నాలుగైదు నికాల పనులు నెత్తిన వేసుకున్నవాణ్ణి కాబట్టి నాకు అన్నీ తెలుసని అందరి నమ్మకం. నేను పేర్లు చెప్పడం మానేసి చాలా రోజులైంది. పేరు బదులు ఒక మాట అడుగుతాను: "తీసిన ఫోటోలు ఆ తర్వాత ఎవరి దగ్గర ఉంటాయో కనుక్కున్నారా?" అవతల కాసేపు చప్పుడుండదు. "అదేం మాట భాయ్, ఆల్బమ్ మనకే ఇస్తారు కదా" అంటారు.

ఒకప్పుడు నేనూ అలాగే అనుకున్నాను. ఆ గల్తీ నాది. దాని ఖరీదు మాత్రం నా భాంజీ కట్టింది.

నా చెల్లెలి పెద్దకూతురు నికా ఏలూరులో జరిగింది. దుల్హావాళ్ళది కైకలూరు వైపు, చేపల చెరువుల మీద బతికే కుటుంబం. దావత్ సంగతి మా బావ చూసుకుంటే, ఫోటోగ్రాఫర్‌ను కుదిర్చే పని నా మీద పడింది. రెండు స్టూడియోలు తిరిగాను. రెండో చోట చూపించిన కరిజ్మా ఆల్బమ్ చూసి మనసు పడిపోయింది. బేరమాడి ఐదు వేలు తగ్గించి, అడ్వాన్స్ ఇచ్చి, రసీదు మడిచి జేబులో పెట్టుకున్నాను. తంగెళ్ళమూడి తివాచీ కొనాలంటే ముందు దాన్ని తిరగేసి, వెనకవైపు ముడులు ఎంత దగ్గరగా ఉన్నాయో చూడాలని మా అబ్బా చిన్నప్పుడే నేర్పారు. తివాచీని తిరగేసి చూసే ఊరివాణ్ణి, రసీదును తిరగేసి చూడలేదు.

షాదీ బాగానే జరిగింది. మూడో వారంలో ఆ స్టూడియో వాళ్ళ పేజీలో ఒక రీల్ వచ్చింది. జల్వా దగ్గర ముసుగు పక్కకు జరిపి నవ్వుతున్న మా పిల్ల, వెనక సినిమా పాట. అంతా కలిపి పది పన్నెండు సెకన్లు. చెరువు గట్టు మీద ఎవరో కుర్రాడు ఆ అమ్మాయి మరిదికే చూపించి, "మీ కొత్త వదిన కదూ?" అన్నాడట. సాయంత్రానికి సాస్ నా చెల్లెలికి ఫోన్ చేసింది. "మీ అమ్మాయి పర్దా చేస్తుందని చెప్పారుగా?" రాత్రి భాంజీ నాకు ఫోన్ చేసి ఒకే ఒక్క మాట అంది. "మామూ, అది నేను పెట్టలేదు కదా."

మర్నాడు పొద్దున్నే స్టూడియోకు వెళ్ళాను. ఆయన కుర్చీ వేసి కూర్చోబెట్టి, టీ తెప్పించి, ఎంతో మర్యాదగా చెప్పాడు. "రసీదు వెనక చూడండి సార్." చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది: తీసిన ఫోటోలు, వీడియోలు ప్రచారం కోసం వాడుకునే హక్కు స్టూడియోకు కలదు. నా ఎదుటే రీల్ తీసేశాడు. కానీ అప్పటికే అది వాట్సాప్‌లో ఎన్ని ఊళ్ళు తిరిగిందో అల్లాహ్‌కే ఎరుక. ససురాల్‌లో ఆ సంగతి సర్దుకోవడానికి నెలలు పట్టింది. అంతకాలం బద్‌నామ్ అయింది కెమెరా పట్టినవాడు కాదు, రసీదు చదవని మామూ కాదు. ఏ తప్పూ చేయని పిల్ల.

ఆ తర్వాత కూర్చుని చట్టం చదివాను. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, మనం డబ్బిచ్చి మన కోసం తీయించుకున్న ఫోటోకు గానీ వీడియోకు గానీ మొదటి హక్కుదారు తీయించుకున్నవాళ్ళే. తీసినవాళ్ళు కాదు. అయితే అందులోనే ఒక మెలిక ఉంది. ఇరువైపులా వేరే ఒప్పందం ఉంటే ఆ ఒప్పందమే చెల్లుతుంది. రసీదు వెనక ఉన్న చీమ అక్షరాలు సరిగ్గా ఆ వేరే ఒప్పందం కోసమే. చట్టం మనకిచ్చిన హఖ్‌ను మనమే చదవకుండా రాసిచ్చి వస్తున్నామన్నమాట.

"ఒక ఫోటో బయటికొస్తే ఏమవుతుందిలే" అనేవాళ్ళకు రెండు తేదీలు గుర్తు చేస్తాను. 2021 జూలైలో 'సుల్లీ డీల్స్', 2022 జనవరి మొదటి రోజున 'బుల్లీ బాయి'. సోషల్ మీడియాలో పెట్టుకున్న ముస్లిం ఆడవాళ్ళ ఫోటోలు తీసుకెళ్ళి, వాళ్ళను వేలానికి పెట్టినట్టు చూపించిన యాప్‌లవి. వాళ్ళలో జర్నలిస్టులున్నారు, చదువుకునే పిల్లలున్నారు. పోలీసు కేసులయ్యాయి, అరెస్టులయ్యాయి. కానీ ఆ ఆడవాళ్ళు పడ్డ బాధను ఏ అరెస్టు వెనక్కి తీసుకుంటుంది? తమ ఇష్టంతో తాము పెట్టుకున్న ఫోటోలకే అలా జరిగితే, తనకు తెలియకుండా స్టూడియో పేజీ మీదికి ఎక్కిన దుల్హన్ ఫోటోకు కాపలా ఎవరు?

ఇదంతా చదివి నేను ఫోటోలే వద్దనేవాణ్ణని అనుకోకండి. మా అమ్మీ నికా రోజున ఒక్క ఫోటో కూడా తీయలేదు. నానా ఒప్పుకోలేదట. ఇవాళ అమ్మీ లేదు. ఆమె ముఖం మా దగ్గర మిగిలింది ఓటరు కార్డు మీద, ఎండకు కళ్ళు చిట్లించి. మా పిల్లలకు దాదీ అంటే ఆ నల్లమచ్చల బొమ్మే. అందుకని ఫోటో విలువ ఏమిటో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

తస్వీర్ విషయంలో ఉలమాల మధ్య ఇఖ్తిలాఫ్ ఉన్న సంగతి అందరికీ తెలిసిందే. దేవ్‌బంద్ ఉలమా జరూరత్ ఉంటే తప్ప ఫోటో నాజాయిజ్ అంటారు. ఈజిప్టు ముఫ్తీగా చేసిన షేఖ్ ముహమ్మద్ బఖీత్ లాంటివాళ్ళు కెమెరాలో పడేది అక్స్ మాత్రమే, చేత్తో చేసిన బొమ్మ కాదన్నారు. ఈ ఇఖ్తిలాఫ్ తేల్చడం నా స్థాయి కాదు. మీరు నమ్మే ఆలిమ్ సాబ్‌ను అడిగి నడుచుకోండి. అయితే అడిగినా అడగకపోయినా మన షాదీఖానాల్లో కెమెరా లేని నికా ఇప్పుడు ఎక్కడుంది? రిజిస్ట్రేషన్‌కు వెళ్తే షాదీ ఫోటో అడుగుతారు. షౌహర్ విదేశంలో ఉంటే కొన్ని దేశాల వీసా కాగితాలకూ అది జత చేయాలి. ఎలాగూ పిలుస్తున్నాం కాబట్టి, ఎవరిని పిలుస్తున్నామో, ఏ షరతుల మీద పిలుస్తున్నామో చూసుకోవాలన్నదే నా మాట.

దుల్హన్ ఇజాజత్ లేకుండా ఖాజీ సాబ్ నికా చదవరు. వకీల్, ఇద్దరు గవాహ్‌లు లోపలికి వెళ్ళి, ఫలానా అబ్బాయితో ఇంత మెహర్‌కు నీకు సమ్మతమేనా అని అడిగి వస్తారు. ఎంత పేద ఇంట్లోనైనా, ఎంత పెద్ద ఇంట్లోనైనా ఆ ప్రశ్న తప్పదు. మరి అదే పిల్ల ముఖాన్ని కొన్ని వేల ఫోటోల్లో ఒక పరాయి మనిషి హార్డ్ డిస్క్‌కు అప్పగించే ముందు ఆమెను ఎవరు అడుగుతున్నారు? ప్యాకేజీ బేరం అబ్బా ఆడతాడు, లేదా నాలాంటి మామూ ఆడతాడు. ఆల్బమ్ డిజైన్ తమ్ముడు చూస్తాడు. ఫోటోలో ఉన్న మనిషి ఒక్కతే ఆ సంభాషణలో ఉండదు. కాబట్టి మొదటి పని స్టూడియోకు వెళ్ళడం కాదు, దుల్హన్ దగ్గర కూర్చోవడం. నీకేం కావాలి, ఏం వద్దు, జనానాలో ఎవరు తీయాలి, ఎవరికి చూపించాలి? నాలుగు ప్రశ్నలు, పది నిమిషాల పని.

ఆ నాలుగింటిలో పెద్దది జనానాలో కెమెరా. అడిగితే చాలామంది పిల్లలు ఆడవాళ్ళే తీయాలంటారు. మా షాదీలో జనానా వైపు పంపింది మగపిల్లాణ్ణి. "చిన్నవాడేనండి, ఏమీ అనుకోకండి" అన్నారు. ఆ చిన్నవాడికి పాతికేళ్ళు. ఖాలాలు, ఫుఫ్ఫూలు కొంగు సర్దుకుంటూ సగం సేపు గోడవైపు తిరిగి కూర్చున్నారు. సూరా నూర్‌లో చూపు దించుకోమన్న హుకుం ముందు మగవాళ్ళకు వచ్చింది, తర్వాతి ఆయత్‌లో ఆడవాళ్ళకు. మనం మాత్రం కెమెరావాణ్ణి లోపలికి పంపించి, ఆడవాళ్ళను ముసుగు సర్దుకోమంటున్నాం.

"ఆడ ఫోటోగ్రాఫర్‌లు మన ఏలూరులో, గూడెంలో ఎక్కడున్నారు భాయ్, ఇదేమైనా హైదరాబాదా?" అంటారు. నిజమే, వెతకాలి. ఇక్కడ దొరక్కపోతే విజయవాడ, రాజమండ్రి దాకా అడగాలి. కానీ ఇది ఇవాళ పుట్టిన కొత్త ఫ్యాషనని మాత్రం అనుకోకండి. 1892లోనే రాజా దీన్‌దయాళ్ హైదరాబాదులో పర్దా పాటించే ఆడవాళ్ళ కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచారు. దాన్ని నడిపింది మిసెస్ కెన్నీ లెవిక్ అనే ఆంగ్ల మహిళ. మగవాళ్ళకు లోపలికి ప్రవేశం లేదు. దీన్‌దయాళ్ జైనుడు, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దర్బారు ఫోటోగ్రాఫర్, 'ముసవ్విర్ జంగ్' బిరుదు పొందినవాడు. మన ఆడవాళ్ళ హయాను గౌరవించడానికి ఫోటోగ్రాఫర్ మన ఖౌమ్‌వాడే కానక్కర్లేదని కూడా ఆయన కథ చెబుతుంది. నూట ముప్పై ఏళ్ళ కిందట, బండెడు సామానుతో ఫోటో తీసే రోజుల్లో కుదిరిన పని, ఇప్పుడు భుజానికి తగిలించుకునే కెమెరాతో కుదరదా?

ఇంకో మాట. డిగ్రీ చదివి ఇంట్లో కూర్చున్న ఆడపిల్లలు మన మొహల్లాల్లో ఎంతమంది లేరు? ఒక్కరు ఈ పని నేర్చుకుంటే కైకలూరు నుంచి గూడెం దాకా ప్రతి నికాకూ పిలుపు వస్తుంది. హలాల్ రోజీ. కెమెరా కొనిచ్చే అబ్బాలే కావాలి.

రెండోది, మన రస్మ్‌లు తెలిసినవాళ్ళను చూసుకోవడం. ఇక్కడి ఫోటోగ్రాఫర్‌లలో ఎక్కువమంది హిందూ పెళ్ళిళ్ళు తీసి చెయ్యి తిరిగినవాళ్ళు. జీలకర్ర బెల్లం, తలంబ్రాలు ఎప్పుడొస్తాయో కళ్ళు మూసుకుని చెప్తారు. మన నికా అలా కాదు. ఖుత్బా, ఇజాబ్ ఖుబూల్, దస్తఖత్‌లు, దుఆ, అంతా కలిపి పావుగంట. మా ఫుఫ్ఫూ కొడుకు నికాలో ఫోటోగ్రాఫర్ దస్తర్‌ఖాన్ దగ్గర బిర్యానీ తింటున్నాడు. ఖర్జూరాలు పంచుతుంటే చెయ్యి కడుక్కుని వచ్చి, "ముహూర్తం ఎన్నింటికి సార్?" అని అడిగాడు. అందరం నవ్వాం గానీ, ఆ ఆల్బమ్‌లో బిర్యానీ హండీ ఆరు ఫోటోల్లో ఉంది, నికానామా మీద దస్తఖత్ ఒక్కదాంట్లోనూ లేదు. ఆయన్ను ఏమంటాం? మనం చెప్పలేదు. ఏ ఘట్టం ఎప్పుడో ఒక కాగితం మీద రాసి ముందురోజే ఇవ్వండి. ఖాందాన్‌లో ఒక కుర్రాణ్ణి ఆయన పక్కనే ఉంచండి. ఖుత్బా చదువుతుంటే ఫ్లాష్ కొట్టొద్దని, ఖాజీ సాబ్‌కు, దుల్హాకు మధ్య అడ్డంగా నిలబడొద్దని కూడా ఆ కాగితంలోనే రాయండి.

శాంపిల్ ఆల్బమ్ చూసి మోసపోవద్దన్నది మూడోది. గూడెం మార్కెట్‌లో ఉల్లిపాయల బస్తా కొనేవాడు పై వరస చూసి డబ్బివ్వడు, అడుగు దాకా చెయ్యి పెడతాడు. శాంపిల్ ఆల్బమ్ అంటే పై వరస, ఇరవై పెళ్ళిళ్ళలోంచి ఏరిన ముప్పై ఫోటోలు. ఎవరిదైనా ఒక్క షాదీ మొదటి నుంచి చివరి దాకా చూపించమనండి. అడగ్గానే పరాయి ఇంటి ఫోటోలు మొత్తం మీ ముందు పరిచేశాడా, రేపు మీవీ అలాగే పరుస్తాడు. "ఆ కుటుంబాన్ని అడిగి చూపిస్తానండి" అన్నాడా, సగం నమ్మొచ్చు.

నాలుగోది కొత్తగా వచ్చిన తలనొప్పి, ఎల్‌ఈడీ స్క్రీన్. జనానాలో తీస్తున్నది మర్దానాలో పది అడుగుల తెర మీద పడుతుంటుంది. మధ్యలో పర్దా కట్టి ఏం లాభం? జనానా కెమెరా తెరకు కలపకూడదని ముందే చెప్పండి. లైవ్ సంగతి వేరు. కువైట్‌లోనో సౌదీలోనో సెలవు దొరక్క కూతురి నికాను ఫోన్‌లో చూసుకుని కన్నీళ్ళు తుడుచుకునే అబ్బాలు మన జిల్లాల్లో ఎందరో. వాళ్ళ కోసం లైవ్ ఉండాల్సిందే. కాకపోతే యూట్యూబ్‌లో 'పబ్లిక్' అని కాకుండా 'అన్‌లిస్టెడ్' అని పెట్టమంటే లింక్ ఉన్నవాళ్ళే చూస్తారు. వారం తర్వాత తీసేయమనండి.

ఐదోది ప్రీవెడ్డింగ్. కొల్లేరు మీద తెల్లవారుజామున మంచు, ఆటపాక దగ్గర పెలికాన్‌లు, పడవలో ఇద్దరు. చూడ్డానికి బాగుంటుంది, కాదనను. కానీ నికాకు ముందు వాళ్ళిద్దరూ నామహ్రమ్‌లే. మంగ్నీ అయిందని పర్దా నియమాలు మారవు. మంగ్నీ తెగిపోయిన సందర్భాల్లో ఆ ఫోటోలు ఏమయ్యాయో తలచుకుంటే వణుకొస్తుంది. నికా చేసుకుని వలీమా అయ్యాక వెళ్ళండి. శీతాకాలమంతా పక్షులు అక్కడే ఉంటాయి, మియా బీవీని చూసి ఎగిరిపోవు. ఇంకో సంగతి, కొల్లేరు 1999 నుంచి వన్యప్రాణి అభయారణ్యం, 2002 నుంచి రామ్‌సర్ చిత్తడి నేల. అక్కడ డ్రోన్ ఎగరేయాలంటే అటవీశాఖ అనుమతి కావాలి. "మేం చూసుకుంటాం సార్" అనే ఫోటోగ్రాఫర్‌ను ఆ అనుమతి కాగితం చూపించమనండి.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది, రాసుకోవడం. ఖురాన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయత్ సూరా బఖరా 282వది. నమాజు గురించో రోజా గురించో కాదు, అప్పు లావాదేవీలు గవాహ్‌లను పెట్టుకుని కాగితం మీద రాసుకోవాలని చెప్పే ఆయత్ అది. మనమేమో "మనోడే, తెలిసినవాడే" అని నోటిమాటతో ముగిస్తాం. తెల్లకాగితం మీద తెలుగులో రాస్తే చాలు. మా రాతపూర్వక ఇజాజత్ లేకుండా ఏ ఫోటో, ఏ వీడియో పేజీలో గానీ శాంపిల్‌లో గానీ హోర్డింగ్ మీద గానీ పెట్టకూడదు. ఎడిటింగ్‌కు బయటి ఊరు పంపితే ఎవరికి పంపుతున్నారో చెప్పాలి. అన్ని ఒరిజినల్ ఫైళ్ళూ మా హార్డ్ డిస్క్‌లో వేయాలి. ఆల్బమ్ ఇచ్చిన ఇన్ని రోజులకు స్టూడియోలో ఉన్న కాపీలు చెరిపేయాలి. రసీదు వెనక ఏం రాసి ఉన్నా ఈ కాగితమే చెల్లుతుంది. కింద రెండు దస్తఖత్‌లు. దీనికి ఒప్పుకోని ఫోటోగ్రాఫర్ ఎంత గొప్పవాడైనా మనకు వద్దు. ప్రచారానికి ఫోటోలు దొరకవు కాబట్టి ఇంకో రెండు మూడు వేలు ఎక్కువ అడిగితే, అది న్యాయమైన మాటే. ఇవ్వండి.

ఖర్చు మాట వచ్చింది కాబట్టి చెప్తున్నాను. ఈమధ్య ఒక నికాకు వెళ్ళాను. ఖాజీ సాబ్ మెహర్ 25 వేలు అని చదివారు. ఫోటోల ప్యాకేజీ 90 వేలని పక్కనున్నాయన నా చెవిలో చెప్పాడు. అల్లాహ్ ఆ పిల్లకు ఇమ్మన్న హఖ్ కన్నా ఆ పిల్ల బొమ్మకు పెట్టిన ఖర్చు మూడింతలు ఎక్కువన్నమాట. పైగా అది అప్పు. టీజర్, సినిమాటిక్, క్రేన్, ఇవేవీ లేకుండా ఇద్దరు మనుషులు, రెండు కెమెరాలతో నికా చక్కగా తీయొచ్చు. మిగిలిన డబ్బు మెహర్‌లో కలపండి, బర్కత్ అక్కడుంది.

ఇన్ని చెప్పి మన సంగతి దాచడం న్యాయం కాదు. స్టూడియో ఒక్కటే దోషి కాదు. ఆ రీల్ బయటికొచ్చిన తర్వాత మా చెల్లెలు ఖాందాన్ గ్రూపులు వెతికితే, నికా రాత్రే దుల్హన్ ఫోటోలు స్టేటస్‌లో పెట్టినవాళ్ళు తొమ్మిది మంది తేలారు. అందులో నా భార్య ఒకరు. తీయించుకున్న హక్కు మనదే కావచ్చు, కానీ ఫోటోలో ఉన్న పక్కింటి ఆపా, వాళ్ళ పిల్లలు, ఆ రోజు మన మెహమాన్‌లు. వాళ్ళ ముఖాలు కూడా మన దగ్గర అమానతే. ఫోటోగ్రాఫర్ మీద పెట్టే షరతు ముందు మన ఫోన్‌ల మీద పెట్టుకోవాలి.

పోయిన శీతాకాలంలో భాంజీ చెల్లెలి నికా తాడేపల్లిగూడెంలో జరిగింది. ఈసారి నేను స్టూడియోకు వెళ్ళలేదు, ముందు చిన్నదాని దగ్గర కూర్చున్నాను. ఆమె చెప్పింది, వాళ్ళ అక్క కాగితం మీద రాసింది. జనానాకు విజయవాడ నుంచి ఒక అమ్మాయి వచ్చింది, లైట్లు మోయడానికి వెంట వాళ్ళ అమ్మ. తలుపు దగ్గరే నిలబడి, "ఫోటో వద్దనుకునేవాళ్ళు ఎడమవైపు కూర్చోండమ్మా, అటు కెమెరా తిప్పను" అంది. ఎడమవైపు కూర్చున్నవాళ్ళు నలుగురే. మిగతా అందరూ గోడవైపు తిరక్కుండా, కొంగు సర్దుకోకుండా నవ్వారు. మా ఖాందాన్ ఆడవాళ్ళు ఇంతగా నవ్వుతారని ఆ ఆల్బమ్ చూసేదాకా నాకు తెలియదు.

పెద్ద భాంజీ తన ఆల్బమ్‌ను ఇప్పటికీ అల్మారాలోంచి తీయదు. నన్ను మాఫ్ చేసిందో లేదో అడిగే ధైర్యం నాకు లేదు. మీ ఇంట్లో నికా ఉంటే, అడ్వాన్స్ ఇచ్చే ముందు ఒక్కసారి రసీదు తిరగేసి చూడండి. అంతకన్నా ముందు దుల్హన్‌ను అడగండి.